ఆసుపత్రి గడప తొక్కని పక్షవాతాన్ని లెక్కలోకి తేవడం ఎలా?

తర్వాత చదివేవాళ్ళ కోసం ముందుగా మీ ప్రశ్నను నాలుగు ముక్కల్లో చెప్తాను. మీరు కమ్యూనిటీ మెడిసిన్‌లో పీజీ రెండో సంవత్సరం. మీ నగరంలో ఏటా కొత్తగా ఎంతమందికి స్ట్రోక్ (మెదడు రక్తనాళం పూడుకుపోయో చిట్లిపోయో వచ్చే పక్షవాతం) వస్తోందో తేల్చాలని థీసిస్ తీసుకున్నారు. ప్రభుత్వ పెద్దాసుపత్రి కేస్‌షీట్లు, రెండు ప్రైవేటు న్యూరో ఆసుపత్రుల డిశ్చార్జ్ జాబితాలు మీ చేతికి వస్తాయి. "వాటిని కలిపి నగర జనాభాతో భాగిస్తే రేటు వచ్చేస్తుంది కదా, దానికి రిజిస్ట్రీ అంటూ ఇంత పని ఎందుకు?" అని అడిగారు.

అలా భాగిస్తే ఒక అంకె వస్తుంది కానీ, అది మీ నగరం అంకె కాదు. నేను పదకొండేళ్ళు ఒక నగరంలో ఈ రిజిస్ట్రీ పని, అంటే వచ్చిన ప్రతి కేసునూ వెతికి నమోదు చేసే పని, చేశాను. మొదట వీధుల్లో తిరిగాను, తర్వాత డేటా చూశాను. ఆ అనుభవంతో చెప్తున్నాను: జాబితాలో ఉన్నవాళ్ళను లెక్కపెట్టడానికి రెండు నెలలు చాలు. లేనివాళ్ళను వెతకడానికే మిగతా ఏడాదంతా పడుతుంది. థీసిస్‌లో మీ కష్టం, మీ డబ్బు, మీ మనుషులు అక్కడికే పోవాలి.

ఎవరు తప్పిపోతారో చూడండి. తెల్లవారుజామున మెదడులో పెద్ద రక్తస్రావమై అంబులెన్స్ వచ్చేలోపే పోయినవాళ్ళు. చెయ్యి కాస్త తిమ్మిరెక్కి, మాట తడబడి, రెండు రోజుల్లో సర్దుకుందని వీధి చివరి ఆర్ఎంపీతో ఇంజెక్షన్ వేయించుకుని ఊరుకున్నవాళ్ళు. ఎనభై దాటిన ముసలమ్మ, "ఈ వయసులో ఆసుపత్రుల చుట్టూ ఎక్కడ తిప్పుతాం" అని ఇంట్లోనే మంచం వేసి చూసుకుంటున్నవాళ్ళు. పసరు మందు కోసం పొరుగు జిల్లాకు కారు కట్టించుకుని పోయినవాళ్ళు. స్తోమతు ఉండి నేరుగా హైదరాబాద్‌కో చెన్నైకో వెళ్ళినవాళ్ళు. వీళ్ళలో ఒక్కరూ మీ మూడు ఆసుపత్రుల కాగితాల్లో కనబడరు. పైగా వీళ్ళంతా ఒక తీరువాళ్ళు కాదు: ఒకరిది చావు, ఒకరిది స్వల్పం, ఒకరిది ముసలితనం, ఒకరిది డబ్బు. కాబట్టి తప్పిపోయినవాళ్ళను "ఒక పది శాతం కలిపేద్దాం" అని సరిపెట్టుకోలేం. లెక్క తగ్గడమే కాకుండా, ఎవరికి వస్తోంది, ఎంతమంది చనిపోతున్నారు అన్న బొమ్మ మొత్తం వంకరగా తయారవుతుంది.

ఆసుపత్రి రిజిస్ట్రీకి విలువ లేదని నా ఉద్దేశం కాదు. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సుభాష్ కౌల్ బృందం చాలా ఏళ్ళ క్రితమే అలాంటిది నడిపింది. మెదడు లోపలి రక్తనాళాలు సన్నబడి వచ్చే స్ట్రోక్ మనవాళ్ళలో ఎక్కువని గమనించడంలో ఆ పని చాలా సాయపడింది. కానీ అది ఆసుపత్రికి వచ్చినవాళ్ళ గురించి చెప్తుంది. లక్షమందిలో ఎందరికి అన్న ప్రశ్నకు జవాబు ఇవ్వదు, అందుకోసం పెట్టింది కూడా కాదు.

ఒక ప్రాంతంలో ఉండేవాళ్ళందరిలో వచ్చిన కేసులను వెతికే జనాభా రిజిస్ట్రీ ఎలా ఉంటుందో తెలియాలంటే దక్షిణ లండన్ స్ట్రోక్ రిజిస్టర్ చూడండి. నేను పని నేర్చుకున్నప్పుడు ముందు పెట్టుకున్నది దాన్నే. 1995 జనవరిలో మొదలైంది. కింగ్స్ కాలేజ్ లండన్ వాళ్ళది, ప్రొఫెసర్ చార్ల్స్ వుల్ఫ్ దాన్ని నడిపించారు. వాళ్ళు లండన్ మొత్తాన్ని తీసుకోలేదు. థేమ్స్ నదికి దక్షిణాన ల్యాంబెత్, సదర్క్ అనే రెండు బరోల (నగర పాలనా విభాగాల) ఉత్తర భాగం, 22 వార్డులు. అంతే. మొదటి రెండేళ్ళలో 2,34,533 మంది జనాభాలో 612 తొలి స్ట్రోకులు దొరికాయి, అంటే ఏడాదికి వెయ్యిమందికి 1.3.

ఆ 612 ఎలా దొరికాయన్నది మీకు ముఖ్యం. హద్దు లోపలి పెద్దాసుపత్రులతో పాటు హద్దు బయటి ఆసుపత్రులనూ గమనించారు, ఎందుకంటే మనిషి కూలిపోయేది వార్డు సరిహద్దు చూసుకుని కాదు. అత్యవసర విభాగం, వార్డులు, మెదడు స్కాన్ కోసం రాసిన చీటీలు, ఫ్యామిలీ డాక్టర్లు, థెరపిస్టులు, సోషల్ సర్వీసెస్, మరణ ధ్రువపత్రాలు, అనుమానాస్పద మరణాలు చూసే కారోనర్ రికార్డులు, చివరికి రోగి బంధువులు ఫోన్ చేసి చెప్పినా తీసుకున్నారు. ఒకే మనిషి మూడు చోట్ల కనబడితే సంతోషించారు తప్ప విసుక్కోలేదు. ఇంత చేసినా, గణాంక పద్ధతిలో సరిచూసుకుంటే దొరికింది సుమారు 88 శాతమేనని వాళ్ళే లెక్కకట్టి ప్రచురించారు. అంత వ్యవస్థ ఉన్న చోట, దాదాపు ప్రతి మనిషికీ ఒక ఫ్యామిలీ డాక్టర్ ఉన్న దేశంలో, 12 శాతం తప్పిపోయాయి. ఇక మూడు ఆసుపత్రుల కాగితాలతో మనకు ఎంత దొరుకుతుందో ఆలోచించండి.

ఆ 88 ఎలా తెలిసిందని మీకు అనుమానం రావాలి. దొరకనివాళ్ళు ఎంతమందో ఎలా తెలుస్తుంది? పద్ధతి ఇలా ఉంటుంది. మీ దగ్గర రెండు జాబితాలు ఉన్నాయనుకోండి. ఆసుపత్రి జాబితాలో 200 మంది, ఇంటింటి వాకబులో దొరికిన జాబితాలో 150 మంది, రెండింట్లోనూ ఉన్నవాళ్ళు 100 మంది. ఇంటింటి జాబితాలోని 150 మందిలో 100 మందిని ఆసుపత్రి జాబితా పట్టుకుంది, అంటే దాని పట్టు మూడింట రెండు వంతులు. ఆ లెక్కన 200 మంది మొత్తంలో మూడింట రెండు వంతులైతే, మొత్తం 300. మీకు రెండు జాబితాల్లో కలిపి దొరికినవాళ్ళు 250. ఇంకా 50 మంది ఎక్కడో ఉన్నారు. దీన్ని క్యాప్చర్-రీక్యాప్చర్ అంటారు. రెండు జాబితాలకూ సంబంధం ఉండకూడదన్నది దీని షరతు. పెద్దాసుపత్రి డిశ్చార్జ్ జాబితానీ, అదే ఆసుపత్రి సీటీ స్కాన్ గది పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టి ఈ లెక్క వేస్తే ఎవరూ తప్పిపోలేదన్నట్టే వస్తుంది, ఎందుకంటే రెండూ ఒకే గుమ్మం గుండా వచ్చినవాళ్ళవే. థీసిస్‌లలో ఈ పొరపాటు నేను చాలాసార్లు చూశాను. దక్షిణ లండన్ వాళ్ళు వయసు, తీవ్రత లాంటి వివరాలను కూడా కలుపుకుని ఈ లెక్కను మరింత జాగ్రత్తగా కట్టారు.

ఇప్పుడు మన వీధుల్లోకి వద్దాం.

మొదటి ఏడాది నాకు బాగా గుర్తున్న ఇల్లు ఒకటుంది. మున్సిపాలిటీ మరణాల పుస్తకంలో డెబ్బై ఏళ్ళ స్త్రీ, కారణం "వృద్ధాప్యం". నెల తర్వాత వెళ్ళాం. గడప పక్కన నవ్వారు మంచం ఇంకా అలాగే ఉంది. కోడలు కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. మా ఫీల్డ్ వర్కర్ ఫారంలో ఉన్నది ఉన్నట్టు అడిగింది: "అత్తగారికి పక్షవాతం వచ్చిందా అమ్మా?" "లేదండీ, అలాంటిదేం లేదు, పెద్దదైపోయింది, పోయింది." ఫారంలో "లేదు" అని టిక్ పడింది. లేవబోతుంటే నేను మామూలుగా అడిగాను, "ఆఖరి రోజుల్లో అన్నం ఎలా తినేవారు?" అని. "ఎక్కడ తిన్నదండీ. సోమవారం పొద్దున లేపడానికి వెళ్తే నోటమాట లేదు. కుడిచెయ్యి ఎత్తితే జారి పడిపోతోంది. నీళ్ళు పోస్తే మూతి పక్కనుంచి కారిపోయేవి. గురువారం పోయింది." ఇంతకన్నా స్పష్టమైన స్ట్రోక్ పాఠ్యపుస్తకంలో కూడా ఉండదు. ఆ ఇంట్లో పక్షవాతం అంటే ఏళ్ళ తరబడి మంచంలో ఉండే జబ్బు. మూడు రోజుల్లో పోతే అది పక్షవాతం కాదు.

ఆ సాయంత్రమే ఫారం మార్చాం. జబ్బు పేరు అడగడం మానేశాం. కాలూ చెయ్యీ పడిపోయాయా, ఒక పక్కేనా రెండు పక్కలా, మూతి వంకర పోయిందా, మాట పడిపోయిందా, మనిషిని గుర్తుపట్టారా, ఉన్నట్టుండి వచ్చిందా రోజురోజుకీ పెరిగిందా. ఇలా జరిగింది అడుగుతూ పోయాం. "వాతం కొట్టింది", "గాలి సోకింది" అన్నా సరే, ఆ తర్వాత "అంటే ఏమైంది?" అని తప్పక అడగాలి. దీనికి ఎదురు పొరపాటు కూడా ఉంది. ముఖం ఒక్కటే వంకరపోయి "పక్షవాతం వచ్చింది" అని చెప్పేవాళ్ళలో చాలామందికి వచ్చింది ముఖనరం జబ్బు, బెల్స్ పాల్సీ. వాళ్ళను "ఆ పక్క కన్ను పూర్తిగా మూయగలిగారా? కనుబొమలు పైకెత్తితే నుదుటి మీద ముడతలు పడ్డాయా?" అని అడగండి. సాధారణంగా స్ట్రోక్‌లో నుదురు పనిచేస్తుంది, ముఖనరం జబ్బులో చెయ్యదు.

మరణాల గురించి ఇంకో మాట. మన దేశంలో నమోదైన మరణాల్లో డాక్టర్ కారణం రాసి ధ్రువీకరించేవి దాదాపు అయిదో వంతే. మున్సిపాలిటీ పుస్తకంలోని "గుండెపోటు", "వృద్ధాప్యం" అన్న మాటలను నమ్మకండి, తీసెయ్యకండి కూడా. వాటిని ఆ ఇంటికి వెళ్ళడానికి ఒక చిరునామాగా వాడుకోండి. మాకు అంతకన్నా ఎక్కువ పనికొచ్చింది శ్మశానవాటికలో ఉండే పుస్తకం. అక్కడి కాపరికి ఏ వీధి నుంచి ఎవరొచ్చారో, ఎన్నాళ్ళు మంచంలో ఉన్నారో నోటికి చెప్పగలిగే జ్ఞాపకం ఉండేది. మర్యాదగా అడగండి, ఆయన ఇచ్చే సమాచారం ఏ కంప్యూటర్లోనూ దొరకదు.

బతికి ఇంట్లో ఉన్నవాళ్ళను పట్టుకోవడానికి ఆశా వర్కర్లు, వార్డు ఏఎన్ఎంలు ఎలాగూ ఉన్నారు. నేను వాళ్ళతో సమానంగా నమ్ముకున్నది ఇళ్ళకెళ్ళి ఫిజియోథెరపీ చేసేవాళ్ళను. కాలు చెయ్యి పడిపోయినవాళ్ళ ఇంట్లో డాక్టర్ అడుగుపెట్టకపోయినా, ఫిజియో కుర్రాడు బండేసుకుని వస్తాడు. మీ నగరంలో అలాంటివాళ్ళు ఇరవై, ముప్పై మంది ఉంటారు. నెలకోసారి కూర్చోబెట్టి టీ ఇచ్చి, ఈ నెల కొత్త కేసులెన్ని అని అడగండి. 108 అంబులెన్స్ రికార్డులు, ఆరోగ్యశ్రీ జాబితా కూడా అనుమతితో తీసుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ స్టెప్స్ స్ట్రోక్ పద్ధతిలో ఈ పనినే మూడు మెట్లుగా పెట్టింది: ఆసుపత్రిలో చేరినవాళ్ళు, బయట చనిపోయినవాళ్ళు, బయట బతికి ఉన్నవాళ్ళు. మీ మూడు జాబితాలూ మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతున్నాయి.

కేసులు ఎప్పుడు వెతుకుతారన్నది కూడా తేల్చుకోవాలి. స్ట్రోక్ వచ్చిన రోజుల్లోనే మనిషి దగ్గరకు వెళ్ళి చూడటం ఒకటి, ఏడాది చివర పాత కాగితాలు తిరగెయ్యడం ఒకటి. రెండోదానితోనే సరిపెట్టుకుంటే లక్షణాల వివరం ఉండదు, "సీవీఏ" అని (స్ట్రోక్‌కు డాక్టర్లు రాసే పొట్టి పేరు) ఒక ముక్క రాసి ఉంటుంది. అది తొలి స్ట్రోకా, రెండోదా అన్నది కూడా తేలదు. మొదటిది ప్రధానంగా పెట్టుకుని, రెండోదాన్ని తప్పిపోయినవాళ్ళను పట్టుకోవడానికి వాడండి.

ఏది స్ట్రోక్ అన్న నిర్వచనం దగ్గర ఎక్కువ ప్రయోగాలు చెయ్యొద్దు. ఉన్నట్టుండి మెదడు పనిలో వచ్చిన లోపం, 24 గంటలు దాటి ఉన్నది లేదా ఆలోపే ప్రాణం తీసినది, రక్తనాళాల కారణం తప్ప వేరే కారణం కనబడనిది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఈ పాత నిర్వచనంతోనే ప్రపంచంలోని రిజిస్ట్రీలు చాలావరకు పోల్చుకుంటున్నాయి. తలకు దెబ్బ, మెదడులో కంతి, షుగర్ పడిపోవడం వల్ల వచ్చినవి తీసెయ్యండి. సీటీలో పాత మచ్చ కనబడింది కానీ మనిషికి ఎప్పుడూ ఏ లక్షణమూ రాలేదంటే అది మీ కేసు కాదు. తొలి గంటల్లో తీసిన సీటీ నార్మల్ అని వచ్చినా లక్షణాలు ఉంటే అది మీ కేసే, రిపోర్టు చూసి కొట్టెయ్యకండి. స్కాన్ ఆలస్యమైతే ఇంకో చిక్కు ఉంది. చిన్న రక్తస్రావం పదిరోజులు దాటాక రక్తం గడ్డకట్టి వచ్చిన స్ట్రోక్ లాగానే కనబడొచ్చు. అలాంటివాటిని "రకం తేలలేదు" అన్న గడిలో పెట్టండి. ఆ గడి పెద్దదైతే గైడ్ ఏమంటారో అని టెన్షన్ పడకండి, అది నిజాయితీగా ఉన్న గడి.

ఇక హద్దులు. మీ కేసు మీ నగరవాసే అయి ఉండాలి. మన దగ్గర ఇది అనిపించినంత సులువు కాదు. పల్లె నుంచి వచ్చిన రోగి ఓపీ చీటీ మీద నగరంలోని మేనల్లుడి చిరునామా రాయిస్తాడు. అది మీ లెక్కలో చేరకూడదు. వంతులవారీగా కొడుకుల ఇళ్ళలో ఉండే తల్లిదండ్రులు ఇంకా కష్టం. మూడు నెలలు పెద్దకొడుకు దగ్గర, మూడు నెలలు చిన్నకొడుకు దగ్గర, ఒకరు నగరంలో, ఒకరు మండలంలో. ముందుగా ఒక రూలు రాసుకోండి. మేం పెట్టుకున్నది ఏంటంటే, స్ట్రోక్‌కి ముందు ఏడాదిలో కనీసం ఆరు నెలలు ఇక్కడ గడిపి ఉండాలి. మీరు ఇంకోటి పెట్టుకున్నా పరవాలేదు, కానీ కేసు చూశాక రూలు మార్చకండి.

ఆ భాగహారంలో పైన ఉన్న అంకె, కేసుల గురించి ఇంతసేపు చెప్పాను. కింద ఉన్న అంకె, జనాభా, అంతకంటే తక్కువేం కాదు. మన చేతిలో ఉన్న జనగణన 2011 నాటిది. ఆ తర్వాత నగరం పెరిగింది, శివారు పంచాయతీలు కలిశాయి. మొత్తం జనాభాను అంచనా వేయడంలో పొరపాటు కొంత భరించవచ్చు. 70 దాటినవాళ్ళు ఎందరన్న అంచనాలో పొరపాటును భరించలేం, స్ట్రోకులు ఎక్కువగా వచ్చేది అక్కడే కాబట్టి. వీలైతే మీరు తీసుకునే వార్డుల్లో మీరే ఒక ఇంటింటి లెక్క చేయించండి. వయసు అడిగితే "అరవై, డెబ్బై ఉంటాయండీ" అంటారు, మీ పట్టికలో 60, 65, 70 దగ్గర గుట్టలు పడతాయి. కృష్ణా, గుంటూరు వైపు నేను అడిగేది ఒకటే: "దివిసీమ ఉప్పెన నాటికి మీకు పెళ్ళయిందా? పిల్లలెంతమంది?" ఉప్పెన 1977 నవంబర్‌లో వచ్చింది. అప్పటికి బడికెళ్ళే బిడ్డ ఉందంటే, ఆమెకు ఇప్పుడు దాదాపు డెబ్బై లేదా ఆపైన ఉంటాయని తెలిసిపోతుంది.

జనాభా లెక్క ఎంత శక్తిమంతమైందో చెప్పడానికి మళ్ళీ దక్షిణ లండన్‌కే వెళ్తాను. ఆ వార్డుల్లో ఆఫ్రికా, కరీబియన్ మూలాలున్న నల్లజాతీయులు పెద్ద సంఖ్యలో ఉంటారు. వయసు తేడాలు సరిచేసి చూస్తే వాళ్ళలో తొలి స్ట్రోక్ రేటు తెల్లజాతీయులలో కంటే 2.21 రెట్లు ఎక్కువని 1999లో తేల్చారు. ఆసుపత్రి వార్డులో నిలబడి చూసినవాళ్ళకు "ఎక్కువమంది నల్లవాళ్ళే కనబడుతున్నారు" అనిపించొచ్చు, అనిపించకపోవచ్చు కూడా. కానీ రెట్టింపు అని గట్టిగా చెప్పాలంటే ఏ జాతివాళ్ళు ఏ వయసులో ఎందరున్నారో తెలియాలి. బ్రిటన్ జనగణనలో 1991లో మొదటిసారి జాతి మూలం అడిగారు కాబట్టే ఆ భాగహారం సాధ్యమైంది. ఆ తర్వాత అదే రిజిస్టర్ పదహారేళ్ళ లెక్క తీసింది. 1995-98లో లక్షకు 247గా ఉన్న రేటు 2007-10 నాటికి 149.5కు దిగింది. 45 దాటినవాళ్ళలో తగ్గింది, 15-44 ఏళ్ళవాళ్ళలో తగ్గలేదు. ఒకే పద్ధతిలో, ఒకే హద్దుల్లో, ఆపకుండా నడిపారు కాబట్టే తగ్గుదల నిజమని నమ్మగలం.

ఆ "ఒకే పద్ధతిలో" అన్నది నాకు దెబ్బ తగిలాక అర్థమైంది. మా మూడో ఏడాదిలో స్వల్ప స్ట్రోకులు ఒక్కసారిగా పెరిగాయి. మా బృందం కంగారుపడి, నగరంలో స్ట్రోక్ పెరుగుతోందని ఒక సమావేశంలో చెప్పేశాం. తర్వాత వార్డులవారీగా విడదీసి చూస్తే పెరిగినవన్నీ నగరం ఒక పక్కనుంచే వచ్చాయి. ఆ పక్కన అంతకు ఆరు నెలల ముందు కొత్త స్కానింగ్ సెంటర్ తెరిచారు. అంతకుముందు "తల తిరిగింది, నరాల బలహీనత" అని ఇంటికి పోయినవాళ్ళు ఇప్పుడు స్కాన్ చేయించుకుని పేరు తెచ్చుకుంటున్నారు. జబ్బు పెరగలేదు, దాన్ని చూసే కన్ను పెరిగింది. చెప్పిన మాట వెనక్కి తీసుకోవడం మాకు చాలా బాధ కలిగించింది. అప్పటినుంచి నగరంలో కొత్త సీటీ, కొత్త న్యూరాలజిస్టు, కొత్త ఆసుపత్రి వచ్చిన తేదీలను కూడా ఒక పుస్తకంలో రాస్తూ వచ్చాం. మీరు మొదటి రోజు నుంచే రాయండి. అలాగే జనవరిలో కేసులు తగ్గితే చలికాలం గురించి సిద్ధాంతాలు కట్టేముందు సంక్రాంతి సెలవుల్లో మీ ఫీల్డ్ వర్కర్లు ఎన్ని రోజులు పనిలో ఉన్నారో చూడండి, పండక్కి ఊరెళ్ళి అక్కడ స్ట్రోక్ వచ్చి అక్కడే చేరిన నగరవాసులను ఫిబ్రవరిలో వెతకండి.

మన దేశంలో ఇది జరగని పని కాదు. 2005లో తిరువనంతపురంలో శ్రీచిత్ర తిరునాళ్ సంస్థవాళ్ళు నగరంలో 7,41,000 మందిని, పక్క పల్లెల్లో 1,85,000 మందిని తీసుకుని ఆరు నెలలు పట్టుదలగా వెతికారు. 541 తొలి స్ట్రోకులు దొరికాయి. వయసు సరిచేశాక రేటు నగరంలో లక్షకు 135, పల్లెల్లో 138, అంటే దాదాపు సమానం. కానీ 28 రోజుల్లో చనిపోయినవాళ్ళు నగరంలో 24.5 శాతం, పల్లెల్లో 37.1 శాతం. ఆసుపత్రి కాగితాలే చూసి ఉంటే పల్లెలో స్ట్రోక్ తక్కువని రాసి ఉండేవాళ్ళు. జబ్బు అంతే వస్తోంది, మనిషి మాత్రం దక్కడం లేదు. ఈ ఒక్క వాక్యం కోసమే రిజిస్ట్రీలు నడపాలని నేను నమ్ముతాను. తర్వాత లుధియానాలో నడిచింది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) కింద బెంగళూరు కేంద్రంగా తిరునెల్వేలి, కటక్, కోట, వారణాసి, కాచార్‌లలో జనాభా రిజిస్ట్రీలు పెట్టారు. ఆ అయిదింటిలో తెలుగు ఊరు ఒక్కటీ లేదు. మీ థీసిస్ మీద నాకు ఇంత ఆశ అందుకే.

మీ ఒక్కరి చేత అయ్యే కొలత ఎంతో చూద్దాం. నగరమంతా వద్దు. పక్కపక్కనే ఉన్న వార్డులు, మొత్తం రెండు లక్షల జనాభా తీసుకోండి. లక్షకు 125 చొప్పున వస్తాయనుకుంటే ఏడాదికి 250 కేసులు, వారానికి అయిదు. ఇద్దరు ఫీల్డ్ వర్కర్లతో మోయగలిగిన పని. 250 కేసులు దొరికితే మీ రేటు లక్షకు సుమారు 110కీ 141కీ మధ్య అని చెప్పగలరు. పీజీ థీసిస్‌కు అంత ఇరుకైన పరిధి గౌరవమైనదే. పది లక్షల నగరం తీసుకుని సగం తప్పించుకోవడం కంటే ఇది ఎన్నో రెట్లు మేలు.

వీలైతే ప్రతి కేసునూ 28వ రోజున, మూడో నెలలో మళ్ళీ కలవండి. దక్షిణ లండన్ వాళ్ళు మూడు నెలలకు, ఏడాదికి, ఆపై ఏటా కలుస్తూ వచ్చారు. స్ట్రోక్ వచ్చినవాళ్ళలో ఏ సమయంలో చూసినా సుమారు 30 శాతం మంది డిప్రెషన్‌తో ఉంటారని తేలింది ఆ ఓపిక వల్లే. ఫోన్లో అడిగితే మాత్రం జాగ్రత్త. "నాన్నగారు ఎలా ఉన్నారు?" అంటే "బాగానే ఉన్నారండీ" అన్నదే జవాబు, మనిషి మంచం దిగకపోయినా సరే. "నిన్న స్నానం ఎవరు చేయించారు? అన్నం ఎవరు కలిపిపెట్టారు? బాత్రూంకి ఎలా వెళ్ళారు?" అని అడగండి, రోజువారీ పనులు ఎంతవరకు సొంతంగా చేసుకుంటున్నారో కొలిచే బార్తెల్ స్కోరు దానంతట అదే వచ్చేస్తుంది.

ఎథిక్స్ కమిటీ గురించి మీరు అడగలేదు, నేనే చెప్తాను. మాట పడిపోయిన మనిషి తరఫున ఎవరు సమ్మతి ఇస్తారో ముందే రాసుకోండి. పేరు, చిరునామా ఒక చోట, జబ్బు వివరాలు ఇంకో చోట ఉంచండి, మధ్యలో నంబరు ఒక్కటే ఉండాలి. ఇంకొకటి. మీ ఫీల్డ్ వర్కర్ రెండో వారంలో ఒక ఇంటికి వెళ్తుంది. మందు లేదు, బీపీ 200 ఉంది, మింగడం కష్టమై పొలమారుతోంది. ఫారం నింపుకుని వచ్చేయకూడదు. ఆ రోజే ఆ మనిషిని ఎక్కడికి పంపాలి, ఏ డాక్టర్‌కి ఫోన్ చెయ్యాలి అన్నది కాగితం మీద ఉండాలి. మాకు మొదటి ఏడాది అది లేదు. ఒక పెద్దాయన విషయంలో రెండు రోజులు ఆలస్యం చేశాం, ఆయన ఊపిరితిత్తుల్లో ఇన్‌ఫెక్షన్‌తో పోయారు. ఆయన వివరాలు మా లెక్కలో పూర్తిగా, తప్పుల్లేకుండా ఉన్నాయి.

ఫారాలు అచ్చువేయించడానికి ముందు ఒక వారం తిరగండి. మీ వార్డుల్లోనూ, వాటికి అయిదు కిలోమీటర్ల లోపలా ఎన్ని సీటీ గదులున్నాయి, ఎంతమంది ఆర్ఎంపీలు, ఎంతమంది ఇంటికెళ్ళే ఫిజియోలు, ఎన్ని శ్మశానాలు. పేర్లతో, ఫోన్ నంబర్లతో ఒక పుస్తకం తయారుచేసుకోండి. సీటీ గదిలో టెక్నీషియన్‌తో మాట్లాడి, ఆ పుస్తకంలో చిరునామా గడి ఉందో లేదో చూడండి. చాలాచోట్ల పేరు, వయసు, "ప్లెయిన్ బ్రెయిన్" అని మాత్రమే ఉంటుంది, ఫోన్ నంబరు రాయమని మీరు అడగాల్సి వస్తుంది. ఆ వారం తర్వాత ఏ వార్డులు తీసుకున్నారో ఇక్కడ రాయండి. మరణాలు జరిగిన ఇళ్ళలో అడిగే మా ప్రశ్నల ఫారం, తెలుగులో ఉన్నది, మీకు పంపిస్తాను. మీ ఊరి మాటల ప్రకారం దాన్ని మార్చుకోవాల్సి ఉంటుంది.